బుడగల స్టాలు తుపాకీ

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు స్కూలు బస్సు డ్రైవరు తన పెరట్లో మొదటి గుండు పేల్చాడు. పావురానికి తగల్లేదు. డాబా మీది ట్యాంకు నుంచి దిగే ప్లాస్టిక్ గొట్టానికి తగిలింది.

గొట్టం ఎండకు పెళుసెక్కి ఉంది. తగిలినచోట చిట్లింది. నీళ్లు సన్నటి ధారగా గోడను కొట్టాయి. నారు ట్రేల మధ్య తిరుగుతున్న పావురాలు లేచి పక్కింటి రేకుల మీద వాలాయి. అక్కడినుంచి కిందికి చూశాయి.

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు.

"పావురాల్ని కొట్టమంటే ట్యాంకును కొట్టారు," అంది.

"వెలుతురు చాల్లేదు."

"వాటికి చాలింది. చిక్కుడు ట్రే ఊడ్చిపెట్టాయి."

డ్రైవరు తుపాకీని గోడకు ఆనించాడు. మెట్ల కింద పెట్టెలోంచి పాత సైకిల్ ట్యూబు ముక్క తీసి, పొడవుగా కోసి, గొట్టం చుట్టూ లాగి లాగి చుట్టాడు. ధార చుక్కలైంది. చుక్కల కింద బక్కెట్టు పెట్టాడు.

పెరడు చిన్నది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలు, బల్లల మీద నారు ట్రేలు. నారు పెంచి అమ్మడం భార్య పని. ట్రేలో గుంటలు, గుంటలో తడిపిన కొబ్బరి పొట్టు, పొట్టులో ఒక్కో గింజ. గింజను వేలితో నొక్కి, వేలితోనే కప్పుతుంది. గుమ్మడి, దోస, చిక్కుడు. చిక్కుడు మొలక గింజను నెత్తికెత్తుకుని పైకి వస్తుంది. పావురం దాన్ని అక్కడే తుంచుతుంది. కాడ మిగులుతుంది. కాడ కొనేవాళ్లు లేరు.

వల కట్టి చూశారు. పావురాలు వల కిందినుంచి నడిచి వచ్చాయి. పాత సీడీలు తాళ్లకు వేలాడదీశారు. ఒక పావురం సీడీ పక్కనే కూర్చుని ఈకలు సర్దుకుంది. "దానికి అద్దం కొనిపెట్టినట్టయింది," అంది భార్య. ఆ మర్నాడే తమ్ముడికి ఫోన్ చేసి తుపాకీ తెప్పించింది. ఆ తమ్ముడిది బుడగల స్టాలు. ఎగ్జిబిషన్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, బోర్డుకు బుడగలు కట్టి, జనానికి గాలి తుపాకీ ఇచ్చి కొట్టమంటాడు.

డ్రైవరు తుపాకీని నడుం దగ్గర విరిచి ఇంకో గుండు పెట్టాడు. భుజానికి ఆనించి ఎడమ కన్ను మూశాడు. తుపాకీ గొట్టం చివర మేకులాంటిది ఉంటుంది, వెనక చిన్న గాడి. గాడిలో మేకు, మేకు మీద పావురం కనబడాలి. రేకుల మీద బూడిదరంగు ముద్ద ఒకటి కనబడింది. దాన్ని పేల్చాడు. రేకు మోగింది.

పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"నా రేకులు నీకేం ద్రోహం చేశాయి, అబ్బాయ్?" అన్నాడు పక్కింటి ముసలాయన.

"పావురం, పెద్దనాన్నా."

"పావురం గోడ మీదుంది. నువ్వు కొట్టింది నా పాత గోనెసంచిని."

భార్య టీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నవ్వుతోందని వీపు చూస్తే తెలిసింది. డ్రైవరు టీ తాగి, చొక్కా వేసుకుని, గోడ మేకుకు ఉన్న బస్సు తాళం తీసుకున్నాడు.

బస్సు రాత్రిళ్లు వీధి చివర ఖాళీ స్థలంలో ఉంటుంది. అక్కడినుంచి వెనక్కి నడిపి రోడ్డు మీదికి తీయాలి. రివర్సులో ఆయన చూపు ఎడమ అద్దం మీద ఉంటుంది. కుడి అద్దం కంటి కొసన ఉంటుంది. అక్కడ ఏదైనా కదిలితే కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అంతే. వెనక నిలబడి చెయ్యి చూపించడానికి, పిల్లల్ని దించడానికి ఆయమ్మ ఉండేది. మంగళవారం నుంచి లేదు. ఈ ఉదయమూ డ్రైవరు దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కి, మెల్లగా తీశాడు.

*

ఆ సాయంత్రం ఆయమ్మ ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విప్పి, పెరట్లోకి నేరుగా వచ్చి, తిరగేసిన ఇంకో బక్కెట్టు మీద కూర్చుంది. కూర్చున్నచోటి నుంచే చేతికందిన ట్రేలో తెగిన కాడలు ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టసాగింది. ఎవరూ చెయ్యమనలేదు.

"అన్నా, నీతో గొడవ పడటానికి రాలేదు," అంది.

"గొడవెందుకు. కూర్చో."

"ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి సోమవారం నా బదులు వేరే ఆమెను పెడతాడట. నువ్వు ఒక్కమాట చెబితే ఆగుతాడు."

"ఏం చెప్పమంటావు?"

"నేను చెయ్యి ఎత్తానని."

డ్రైవరు తుపాకీ గొట్టాన్ని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఆపలేదు.

"నేను ఎత్తలేదని చెప్పలేదు. నాకు కనబడలేదని చెప్పాను."

"ఆయనకి రెండూ ఒకటే. నీకు కనబడలేదంటే నేను ఎత్తనట్టే. ఆ రోజు వెనక్కి వచ్చి స్కూలు గేటు స్తంభాన్ని కొట్టింది బస్సు. స్తంభం ముందు ఆ పాప నిలబడి ఉంది. పక్కకు దూకింది కాబట్టి సరిపోయింది. బ్యాగు చక్రం కింద పడింది. అది పాపే అయ్యుంటే?"

"అందుకే కదా ఇంత గొడవ."

"నేను చెయ్యి నెత్తి మీదికి ఎత్తానన్నా. ఆగు ఆగు అని అరిచాను."

"ఇంజను చప్పుడులో వినబడదు."

"వినబడదనేగా చెయ్యి ఎత్తేది."

డ్రైవరు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అద్దంలో నీ చెయ్యి లేదు, అమ్మా. ఉంటే కాలు దానంతటదే పడేది. నన్ను అబద్ధం చెప్పమంటావా?"

"నిజం చెప్పమంటున్నాను."

భార్య మంచినీళ్లు తెచ్చింది. ఆయమ్మ గ్లాసు ఎత్తి గుక్కలో తాగేసింది. "వదినా, నువ్వైనా చెప్పు. పాప రోజూ నా వేలు పట్టుకుని దిగేది. దాని ముందుకి బస్సు వస్తుంటే చేతులు కట్టుకుని నిలబడతానా?"

భార్య ఖాళీ గ్లాసు అందుకుంది. ఆయమ్మ లేచింది. పీకిన కాడలన్నీ దోసిట్లోకి తీసుకుని చెత్తగుంటలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది.

"అబద్ధమాడే మనిషిలా లేదు," అంది భార్య, గేటు చప్పుడయ్యాక.

"నేనూ కాదు."

"మిమ్మల్ని అన్నానా?"

*

శనివారం ఉదయం డ్రైవరు బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీ తుపాకీ సూటిగా పోవట్లేదు."

అవతల నవ్వు. "స్టాలు తుపాకీ సూటిగా పోతే నేను అడుక్కుతినాలి, బావా. మేకును కొంచెం ఎడమకి వంచి ఉంచుతాను. సూటిగా చూసి కొట్టినవాడికి తగలదు. తగలకపోతే పక్కన పెళ్లాం ఉంటుంది కాబట్టి ఇంకో ఆట ఆడతాడు."

"ఇన్నాళ్లూ ఇదా నీ యాపారం?"

"మేము మోసం అనం. నైపుణ్యం అంటాం. నువ్వు జానెడు ఎడంగా చూసి కొట్టు. ఎడమకి. తగులుతుంది."

"ముందే చెప్పొచ్చుగా."

"అక్క చెప్పనివ్వలేదు. రెండు రోజులు సరదాగా ఉంటుందంది."

డ్రైవరు భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తకుండా గుమ్మడి గింజలు నానబోస్తోంది.

బస్సు తిప్పి వచ్చాక, మధ్యాహ్నం, ఎండ నిండుగా ఉన్నప్పుడు ఆయన మళ్లీ పెరట్లోకి వెళ్లాడు. ఇప్పుడు వెలుతురు చాల్లేదనడానికి లేదు. స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి పెట్టి, తుపాకీ కదలకుండా పట్టుకున్నాడు. పావురాలు ఒకటొకటే దిగాయి. బల్ల మీద నడిచాయి. ఎడమ కన్ను మూసి, బూడిదరంగు ముద్దకు జానెడు ఎడంగా చూసి పేల్చాడు. దోస ట్రే ఎగిరి కింద పడింది. మళ్లీ పేల్చాడు. గోడ సున్నం రాలింది. పావురాలు ఈసారి రేకుల దాకా కూడా వెళ్లలేదు. ఆ చివరి బల్ల మీదికి జరిగి నిలబడ్డాయి.

భార్య వచ్చి బోర్లాపడిన ట్రేను ఎత్తింది. పొట్టును చేత్తో పోగుచేసి, మొలకలను వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కో గుంటలో నిలబెట్టింది. కొన్ని నిలిచాయి. కొన్నిటి కాడ విరిగింది.

"పావురాలే నయం," అంది. "కొన్ని వదిలిపెడతాయి."

ఆయన స్టూలు మీంచి లేచాడు. తుపాకీని లోపల బీరువా పక్కన నిలబెట్టి, పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. చేతులు వణకడం లేదని చూసుకోవడానికి రెండు చేతులూ ముందుకి చాపి కాసేపు ఉంచాడు. వణకలేదు.

*

ఆదివారం పది గంటలకు బావమరిది పటకారు పట్టుకుని వచ్చాడు. అక్క పెట్టింది తిని, తుపాకీని ఒడిలో పడుకోబెట్టుకుని, గొట్టం చివరి మేకును పటకారుతో పట్టి కుడికి నొక్కాడు. కన్ను పెట్టి చూశాడు. ఇంకొంచెం నొక్కాడు. గోడ మీద డబ్బా మూత ఒకటి నిలబెట్టి, పెరటి గుమ్మం నుంచి పేల్చాడు. మూత పడింది. లేపి నిలబెట్టి మళ్లీ పేల్చాడు. పడింది.

ఆ వెంటనే, ఎవరూ చెప్పకుండానే, బల్ల మీద దిగిన పావురాన్ని కొట్టాడు. అది రెక్క ఒకటి చాపి పక్కకు ఒరిగింది. భార్య పాత చీపురుతో దాన్ని చేటలోకి తోసి, చెత్తగుంటలో వేసి, పైన మట్టి కప్పింది. మిగతా పావురాలు వెళ్లాయి. ఆమె చేతులు కడుక్కునేలోపు రెండు తిరిగి వచ్చాయి.

"ఇదిగో బావా, నీ తుపాకీ ఇప్పుడు మహాత్ముడు. ఒక్క అబద్ధం ఆడదు. పావురాల్ని ఆనక కొడుదువుగాని, ముందు చెయ్యి అలవాటు చేసుకో." జేబులోంచి బుడగలు తీసి ఊది, బట్టల తీగకు మూడు కట్టాడు. ఎరుపు, పసుపు, నీలం. "పెద్దమనిషివి కాబట్టి పెద్ద బుడగలు. ఎర్రది కొట్టు."

డ్రైవరు నిలబడి, ఎడమ కన్ను మూసి, పేల్చాడు. ఏదీ పగల్లేదు.

"ఎర్రది, బావా. నువ్వు మా అక్క చీర కొడుతున్నావు."

భార్య నవ్వింది. డ్రైవరు తుపాకీ దించకుండా అడిగాడు.

"ఎర్రది ఎక్కడుంది?"

"ఎక్కడుండటమేంటి? మధ్యలో."

"మధ్యలో ఏముంది?"

భార్య నవ్వు ఆగింది. డ్రైవరు తల తుపాకీ మీదినుంచి ఎత్తి ఎడమ కన్ను తెరిచాడు. తీగ, తీగ మీద చీర, చీర పక్కన పసుపు బుడగ, మధ్యలో ఎర్రది, అటు నీలం. ఎడమ కన్ను మూశాడు. పొగ పట్టిన గాజులోంచి చూసినట్టు ఒక తెలుపు. అందులో కదిలేది ఉంది. అది బుడగో చీరో తెలియదు. తెరిచాడు. మూశాడు. తెరిచాడు. కుడి కన్ను రుద్దుకుని మళ్లీ మూశాడు.

భార్య నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. డబ్బా మూతి నుంచి నీళ్లు ట్రేలో ఒకేచోట పడుతున్నాయి.

"ఎండ ఎక్కువైందిలే, బావా," అన్నాడు బావమరిది. "సాయంత్రం చూద్దాం."

"ఆగు."

డ్రైవరు తుపాకీని ఎడమ భుజానికి మార్చాడు. ఎడమ చేతి వేలు మీటకు కొత్త. కుడి కన్ను మూశాడు. ఎర్రది పగిలింది. తుపాకీ విరిచి, గుండు పెట్టి, మూసి, పసుపుది పగలగొట్టాడు. తర్వాత నీలం. మూడింటికీ మూడు గుళ్లు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బావమరిది తీగ మీద మిగిలిన రబ్బరు ముక్కలు విప్పి జేబులో వేసుకున్నాడు. "స్టాలుకి వస్తుంటారు ఇలాంటివాళ్లు," అన్నాడు, అక్కతో, గొంతు తగ్గించి. "ఒక కన్ను మూసేదాకా వాళ్లకీ తెలియదు. కంట్లో పొర అయ్యుంటుంది. తీసేస్తారు. పెద్ద పనేం కాదు." బావతో మాత్రం వెళ్లొస్తానని చెప్పి, పటకారు మరిచిపోయి వెళ్లాడు.

*

సాయంత్రం ఎండ తగ్గాక డ్రైవరు తాళం తీసుకుని భార్యను రమ్మన్నాడు.

"ఎక్కడికి?"

"బస్సు దగ్గరికి."

"ఆదివారం బస్సేంటి?"

"రా."

ఖాళీ స్థలంలో బస్సు వెనక ఆమెను నిలబెట్టాడు. కుడివైపు, చక్రానికి నాలుగడుగులు వెనక. ఆయమ్మ నిలబడేది అక్కడే. "నేను పిలిచినప్పుడు చెయ్యి ఎత్తు. నెత్తి మీదికి." ఆమె తల ఊపింది.

ఆయన ఎక్కి సీట్లో కూర్చున్నాడు. ఇంజను వేయలేదు. గేరు రివర్సులో పెట్టాడు, కాలు బ్రేకు పక్కన పెట్టాడు. చూపు ఎడమ అద్దం మీద. కుడి అద్దం కంటి కొసన. రోజూ కూర్చున్నట్టే.

"చెయ్యి ఎత్తు," అని కిటికీలోంచి కేకేశాడు.

కొసన ఏమీ కదల్లేదు. ఆయన ఆగాడు.

"ఎత్తమన్నాను."

"ఎత్తానండీ."

"మళ్లీ ఎత్తు."

"దించితే కదా మళ్లీ ఎత్తడానికి. ఎప్పుడో ఎత్తాను. నొప్పెడుతోంది."

డ్రైవరు తలంతా కుడికి తిప్పాడు. అద్దంలో భార్య ఉంది. చెయ్యి నెత్తి మీద నిటారుగా ఉంది. ఇంకో చేత్తో దాని మోచెయ్యి కింద పట్టుకుని ఉంది.

ఆయన చాలాసేపు దిగలేదు. ఆమె చెయ్యి దించి, వచ్చి, తలుపు మెట్టు మీద కూర్చుంది.

"లైసెన్సుకి కళ్లు చూశారు కదా మొన్న?"

"చదవమన్నాడు. రెండు కళ్లూ తెరిచి చదివాను."

ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు. గుమ్మం ఎక్కాక ఆమే మొదలుపెట్టింది. "పరీక్షలైతే సెలవులేగా. సెలవుల్లో కన్ను చూపించుకుందాం. తమ్ముడు చెప్పాడు, పెద్ద పనేం కాదట. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"అప్పటిదాకా?"

"మెల్లగా నడపండి. తల తిప్పి చూడండి."

"ఆయమ్మ?"

ఆమె గింజల గిన్నెలో నీళ్లు ఒంపి, కొత్త నీళ్లు పోసింది. తేలిన గింజలను ఏరి బయట వేసింది. తేలినవి మొలకెత్తవు.

"అద్దంలో మీ కన్ను కనబడింది నాకు," అంది తర్వాత. "కుడి కన్ను. తెరిచే ఉంది. నన్ను చూస్తున్నారనే అనుకున్నాను. ఆవిడా అలాగే అనుకుని ఉంటుంది."

డ్రైవరు ఫోన్ తీసి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి చేశాడు. ఇన్‌చార్జి వయసులో చిన్నవాడు. ఈయన బస్సులోనే క్లీనరుగా చేరి, ఈయన దగ్గరే స్టీరింగు పట్టాడు. అంతా విన్నాడు.

"కన్ను సంగతి ఇంకెవరికి చెప్పావు, బాబాయ్?"

"నీకే."

"నాకు కూడా చెప్పలేదనుకో. పరీక్షల్లో డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు? పది రోజులు లాగించు. సెలవుల్లో నేనే ఆస్పత్రికి తీసుకెళ్తా."

"ఆయమ్మ చెయ్యి ఎత్తింది. నేనే చూడలేదు."

"నువ్వు నాకు ఒకటి చెప్పావు. అది నేను పెద్ద మేడమ్‌కి చెప్పాను. మేడమ్ ఆ పిల్ల నాన్నకి చెప్పింది. ఆయన శాంతించాడు. ఇప్పుడు ఆ మాటని ఎవరి నోట్లోంచి వెనక్కి లాగమంటావు?"

"నా నోట్లోంచి."

"పడుకో, బాబాయ్. పొద్దున్నే లేవాలి."

*

సోమవారం డ్రైవరు ఎప్పటిలాగే లేచాడు. పెరట్లో మొహం కడుక్కున్నాడు. పావురాలు ట్రేల మీద ఉన్నాయి. వాటివైపు వెళ్లలేదు. బస్సు దగ్గరికి వెళ్లి ముందు అద్దం తుడిచాడు, పక్క అద్దాలు తుడిచాడు, మెట్లు ఊడ్చాడు. సీటు ఎక్కలేదు. మెట్టు మీద కూర్చుని తాళం చేతిలో పెట్టుకున్నాడు.

బస్సు మొదటి స్టాపులో ఉండాల్సిన వేళ దాటాక ఫోన్ మోగింది. పిల్లల తల్లి ఎవరో. "వస్తుందమ్మా, ఆలస్యమవుతుంది," అన్నాడు. ఇంకొకరు చేశారు. అదే చెప్పాడు. మూడోది ఇన్‌చార్జిది. ఎత్తలేదు.

కాసేపటికి ఇన్‌చార్జి స్కూటరు మీద వచ్చాడు. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడు.

"ఏంటిది బాబాయ్? పిల్లలకి పరీక్ష."

"నేను నడపను. నువ్వు నడుపు. నీకు లైసెన్సుంది."

"సరే. తాళం ఇలా తే."

"ఇస్తాను. కొత్తామె వద్దు, ముందు మన ఆయమ్మకి ఫోన్ చెయ్యి. రమ్మను."

"బెదిరిస్తున్నావా నన్ను?"

"ఎవరినీ బెదిరించట్లేదు. ఆయమ్మ లేకుండా బస్సు కదలకూడదని తలుపు మీద నువ్వే రాయించావు. ఇదిగో, చదువుకో."

ఇన్‌చార్జి తలుపు చూడలేదు. టైము చూసుకున్నాడు. "నీ ఉద్యోగం పోతుంది, బాబాయ్. కన్ను బాగైనా మళ్లీ పెట్టుకుంటారని నేను చెప్పలేను. ఆ పిల్ల నాన్న ఊరుకోడు. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలుసు."

"పిన్నికి తెలుసా?"

"నిన్న ఆమే చెయ్యి ఎత్తింది."

ఇన్‌చార్జికి అర్థం కాలేదు. అడగలేదు కూడా. ఫోన్ తీశాడు. ఆయమ్మ మొదట నమ్మలేదు. "ఎవరు రమ్మన్నారు? ఎందుకు రమ్మన్నారు?" అన్న మాటలు ఫోన్ బయటికి వినబడ్డాయి. ఇన్‌చార్జి ఫోన్‌ను డ్రైవరు చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎత్తావమ్మా," అన్నాడు డ్రైవరు. "నాకే కనబడలేదు. రా. పెద్ద మేడమ్‌కి కూడా ఇవాళ నేనే చెబుతాను."

ఆయమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. జడ వేసుకోకుండా, ముడి చుట్టుకుని, పిన్ను నోట్లో పెట్టుకుని వచ్చింది. స్థలంలోకి వచ్చాక పిన్ను తీసి ముడికి గుచ్చింది. ఇన్‌చార్జిని చూడలేదు. డ్రైవరు ముందు నిలబడింది.

"ఏ కన్నన్నా?"

"కుడిది."

"నేను నిలబడింది అటే."

"అవును."

ఆమె బస్సు ఎక్కి, సీట్ల కిందికి వంగి, శనివారం ఎవరో వదిలేసిన నీళ్ల సీసా తీసి ముందు పెట్టింది. మళ్లీ దిగి బస్సు వెనక్కి నడిచింది.

డ్రైవరు తాళం ఇచ్చాడు. ఇన్‌చార్జి సీట్లో కూర్చుని, దాన్ని ముందుకు జరుపుకుని, అద్దాలు తన ఎత్తుకు సర్దుకున్నాడు. ఇంజను రెండోసారికి అందుకుంది. ఆయమ్మ రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. బస్సు వెనక్కి వచ్చి, తిరిగి, రోడ్డెక్కింది. ఆమె పరుగున వెళ్లి ఎక్కింది.

బస్సు మొదటి స్టాపుకు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. తలుపు ఆయమ్మ తీసింది. స్కూటరు ఖాళీ స్థలంలోనే ఉండిపోయింది కాబట్టి, డ్రైవరు దాన్ని నీడకు తోసి, పెద్ద మేడమ్‌ను కలవడానికి నడుచుకుంటూ స్కూలుకు బయల్దేరాడు.